మీటరు చెప్పని గంటలు

సెకండ్ హ్యాండ్ కారు బేరంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఎంత తిరిగింది?" రెండోది, ఎవరి బండి అని. సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి, నలభై వేలే తిరిగింది అనగానే కొనేవాళ్ల మనసు సగం మెత్తబడుతుంది. చిన్న పెట్రోలు కారు దగ్గర ఈ రెండు ప్రశ్నలతో చాలావరకు పని జరిగిపోతుంది. ఏడెనిమిదేళ్ల వయసున్న బీఎండబ్ల్యూ 520డి, మెర్సిడెస్ ఈ-క్లాస్, ఆడి ఏ6 లాంటి డీజిల్ సెడాన్ దగ్గర మాత్రం ఇదే లెక్క తలకిందులవుతుంది. కొత్తప్పుడు అరవై లక్షల దరిదాపుల్లో పలికిన ఈ కార్లు ఇప్పుడు ఇరవై లక్షల అటూఇటూ దొరుకుతున్నాయి. కారు ధర మూడో వంతుకు దిగింది. ఇంజెక్టరు ధర దిగలేదు, గేర్‌బాక్స్ మరమ్మతు ధర దిగలేదు. అవి ఇప్పటికీ అరవై లక్షల కారు ఖర్చులే. ఎన్నాళ్లో ఆశపడి, పొదుపు చేసుకుని కొనుక్కున్న బండి మొదటి ఏడాదిలోనే వర్క్‌షాపులో నెలలకొద్దీ నిలబడిపోతే ఆ ఇంట్లో కలిగే బాధ చిన్నది కాదు. దాన్ని ముందే పసిగట్టే దారి ఉంది. అది ఇంజిన్ పనిచేసే తీరు అర్థం చేసుకోవడంతో మొదలవుతుంది.

ఒకే ఏడాది తయారైన, ఒకే మోడల్ 520డిలు రెండు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. మొదటిది జూబ్లీహిల్స్‌లోని ఇంటికీ మాదాపూర్‌లోని ఆఫీసుకూ మధ్యే తిరిగింది. మీటరు 45,000 చూపిస్తోంది. రెండోది విజయవాడలోని ఒక కాంట్రాక్టరుది. వారానికోసారి హైదరాబాద్, అప్పుడప్పుడు చెన్నై. మీటరు 1,40,000. పదిమందిలో తొమ్మిదిమంది మొదటిదాని చుట్టూ తిరుగుతారు, దానికి రెండు లక్షలు ఎక్కువిచ్చి మరీ తీసుకుంటారు. ఇప్పుడు గంటల్లో లెక్కేద్దాం. ట్రాఫిక్‌లో సగటు వేగం గంటకు 18 కిలోమీటర్లనుకుంటే మొదటి ఇంజిన్ 2,500 గంటలు నడిచింది. హైవే మీద సగటు 70 అనుకుంటే రెండో ఇంజిన్ నడిచింది 2,000 గంటలే. తక్కువ తిరిగిందనుకున్న బండి ఇంజినే ఎక్కువ సేపు పనిచేసింది. అదీ చల్లగా, అరకొర వేడితో, పదేపదే ఆగుతూ. ఆయిల్ మార్పు 15,000 కిలోమీటర్లకోసారి చేయించారనుకుంటే హైవే బండిలో ఆ ఆయిల్ 214 గంటలు పనిచేసింది, సిటీ బండిలో 833 గంటలు. రెండు సర్వీసు పుస్తకాల్లోనూ ముద్రలు మాత్రం ఒక్కలాగే ఉంటాయి.

ఇంతగా తేడా ఎందుకు రావాలి? డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం కాలే తీరులోనే దీనికి జవాబుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజిన్ సూత్రమే నేటికీ నడుస్తోంది. సిలిండరులోకి గాలిని మాత్రమే పీల్చి, దాన్ని సుమారు పదహారో వంతుకు నొక్కేస్తారు. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను చిమ్మగానే నిప్పురవ్వతో పని లేకుండా తనంతట తనే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనం, గాలి ముందే కలిసిపోయి ఉంటాయి కాబట్టి మంట దాదాపు సమంగా పాకుతుంది. డీజిల్‌లో చిమ్మడం, కలవడం, కాలడం అన్నీ సెకనులో వెయ్యోవంతుల్లో ఒకేసారి జరగాలి. చిమ్మిన తుంపర మధ్యభాగంలో ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. అక్కడ సగం కాలిన కార్బన్ మసిగా మిగులుతుంది. తుంపర అంచుల్లో గాలి సమృద్ధిగా ఉండి మంట విపరీతంగా వేడెక్కుతుంది. సుమారు 1,500 డిగ్రీలు దాటిన చోట గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లవుతాయి. మంటను చల్లబరిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గి మసి పెరుగుతుంది. వేడి పెంచితే మసి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఒకదాన్ని అదిమితే రెండోది లేస్తుంది. పాత లగ్జరీ డీజిల్‌లో జేబు ఖాళీ చేసే భాగాల్లో చాలావాటిని ఈ రెంటినీ అదుపు చేయడానికే ఇంజిన్‌కు జోడించారు.

వాటిలో మొదటిది ఈజీఆర్. పొగగొట్టంలోకి పోవలసిన వాయువులో కొంత వెనక్కి తెచ్చి, కూలంట్ ప్రవహించే చిన్న రేడియేటరు గుండా చల్లార్చి మళ్లీ సిలిండరులోకి పంపుతారు. ఆ వాయువులో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. కానీ వెనక్కి వచ్చేది మసితో నిండిన వాయువు. ఇంజిన్ కింది భాగం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి దానికి తోడై, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గోడలకు జిగట మసి పేరుకుంటుంది. సిటీలో మెల్లగా, తక్కువ లోడుతో నడిచే బండిలో ఈజీఆర్ దాదాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు మూసుకుంటుంది. అందుకే సిటీ బండి మానిఫోల్డ్ విప్పితే, బొటనవేలు దూరే దారి చిటికెనవేలు దూరేంతగా పూడిపోయి కనిపించడం మెకానిక్‌లకు మామూలు విషయం. ఆ స్థితికి వచ్చిన బండికి పికప్ పోతుంది, నల్లపొగ వస్తుంది, యజమాని మాత్రం టర్బో పోయిందేమోనని భయపడతాడు.

ఈజీఆర్ కూలరు గొట్టం పగిలితే సంగతి మసితో ఆగదు. 2018 వేసవిలో దక్షిణ కొరియా రోడ్ల మీద బీఎండబ్ల్యూ కార్లు వరసగా తగలబడ్డాయి. వాటిలో 520డిలే ఎక్కువ. కూలరు నుంచి కారిన గ్లైకాల్ కలిసిన కూలంట్, పేరుకున్న మసితో కలిసి అంటుకునే ముద్దగా తయారైంది. దూరప్రయాణంలో వేడి వాయువు తగలగానే అది రాజుకుని ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను కరిగించిందని తేలింది. ఆ ఆగస్టులో కొరియా ప్రభుత్వం తనిఖీ పూర్తికాని కార్లను రోడ్డెక్కనివ్వలేదు. అక్టోబరుకల్లా కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల డీజిల్ కార్లను రీకాల్ పరిధిలోకి తెచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవలసింది చాలా సూటిగా ఉంది. బయట ఎక్కడా చుక్క కారకుండా కూలంట్ మట్టం నెమ్మదిగా తగ్గుతోందంటే, అది లోపలికే పోతోంది. కొనే కారు 17 అక్షరాల చాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళితే ఆ బండికి ఏ రీకాల్ ఉందో, పని జరిగిందో లేదో చెప్పగలరు. ఆ ఒక్క విచారణ చేయకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

రెండో భాగం మసిని పట్టే ఫిల్టరు. డీపీఎఫ్ అంటారు. ఫ్యాక్టరీలోనే దీన్ని బిగించి అమ్మిన తొలి కార్లలో 2000 నాటి ప్యుజో 607 ఒకటి. అదీ ఒక పెద్ద డీజిల్ సెడానే. మన దేశంలో బీఎస్-4 కాలంలో డీజిల్ కారుకు కణాల పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-6లో అది 4.5. ఫిల్టరు లేకుండా ఆ గీత కింద ఉండటం దాదాపు అసాధ్యం కాబట్టి బీఎస్-6 డీజిల్ కొంటున్నారంటే డీపీఎఫ్ కొంటున్నట్టే.

దీన్ని కోసి చూస్తే పింగాణీలాంటి పదార్థంతో చేసిన సన్నని నాళాలు వేలకొద్దీ కనిపిస్తాయి. ఒక్కోటి మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ వెడల్పు. ఒక నాళం ముందువైపు తెరిచి వెనకవైపు మూసి ఉంటే, దాని పక్కది ముందు మూసి వెనక తెరిచి ఉంటుంది. లోపలికొచ్చిన పొగకు దారి లేక, నాళం గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా పక్క నాళంలోకి దూరుతుంది. వాయువు దాటిపోతుంది, మసి గోడ మీద నిలుస్తుంది. నిలిచిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద అరగంట నడిస్తే ఉత్ప్రేరకం సాయంతో తక్కువ వేడికే కొంత మసి తనంతట తను కాలిపోతుంది. సిటీలో ఆ అవకాశం ఉండదు. అప్పుడు ఇంజిన్ కంప్యూటరే పూనుకుని, మంట ఆరిపోయే దశలో అదనంగా కొంచెం డీజిల్ చిమ్మి పొగగొట్టాన్ని వేడెక్కిస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఐడ్లింగ్ కాస్త పెరిగి, ఫ్యాను గట్టిగా తిరుగుతూ, మైలేజి ఉన్నట్టుండి పడిపోతే అదే జరుగుతోందన్నమాట. సరిగ్గా ఆ సమయానికి ఇల్లొచ్చేసి ఇంజిన్ ఆపేస్తారు. మర్నాడు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది.

నష్టం ఫిల్టరుతో ఆగదు. ఆలస్యంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండరు గోడకు తగిలి, పిస్టన్ రింగుల పక్కగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. రీజనరేషన్ ఎన్నిసార్లు మధ్యలో తెగితే అన్నిసార్లు కలుస్తుంది. చిన్న దూరాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఆ డీజిల్ ఆవిరై పోయే అవకాశమూ తక్కువే. ఆయిల్ పలచబడుతుంది, మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి ఉంటే, ఎవరో ప్రేమగా ఎక్కువ పోశారనుకోకండి, వాసన చూడండి. ఇక మసి కాలిపోయాక కూడా ఫిల్టరులో మిగిలేది బూడిద. అది ఆయిల్‌లో కలిపే రసాయనాల నుంచి వస్తుంది, ఎంత వేడికీ కాలదు. ఈ ఇంజిన్లకు బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ వాడమని కంపెనీలు చెప్పేది ఇందుకే. ఇరవై లక్షలు పెట్టి బండి కొని, లీటరుకు మూడు వందలు మిగులుతాయని ఏదో ఒక ఆయిల్ పోయించడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది.

కొందరు గ్యారేజీవాళ్లు దీనికి సులువైన మందు చెబుతారు. ఫిల్టరు లోపలి భాగాన్ని పొడిచి తీసేసి, కంప్యూటరు ప్రోగ్రాము మార్చి, ఫిల్టరు ఉన్నట్టే నమ్మిస్తారు. బండి హుషారుగా లాగుతుంది కూడా. ఆ పొగను వెనకాల స్కూటరు మీద పిల్లను కూర్చోబెట్టుకుని వచ్చే తల్లి పీలుస్తుంది. ఈ పని నాకు ఏ కోణంలోనూ సమర్థించదగినదిగా కనిపించదు. చట్టరీత్యా తప్పు, మనిషిగా అంతకంటే పెద్ద తప్పు. కొనేవాళ్లు దీన్ని కనిపెట్టడం సులువు. డీపీఎఫ్ సవ్యంగా ఉన్న బండి పొగగొట్టం లోపలి అంచు ఏళ్లు గడిచినా శుభ్రంగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తెల్ల గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. కాటుకలా నల్లగా అంటితే ఫిల్టరు పగిలి అయినా ఉండాలి, లేకుండా అయినా పోయుండాలి.

ఆయిల్ చెడటానికీ టైమింగ్ చైన్ అరగడానికీ నేరుగా సంబంధముంది. చైన్‌కు జీవితకాలమంతా మార్చనక్కర్లేదన్న పేరుంది, బెల్టులాగా కాదు. మసి కలిసిన ఆయిల్ మాత్రం చైన్ లింకుల పిన్నుల మధ్య సన్నటి సానరాయిలా పనిచేస్తుంది. ఒక్కో పిన్ను వెంట్రుకవాసి అరిగినా వందకు పైగా లింకుల్లో అది కలిసి చైన్ సాగుతుంది. 2007 నుంచి 2011 వరకు తయారైన బీఎండబ్ల్యూ ఎన్47 ఇంజిన్లకు ఈ చైన్ విషయంలో ప్రపంచమంతటా చెడ్డపేరు వచ్చింది. అందులో చైన్ గేర్‌బాక్స్ వైపు, అంటే ఇంజిన్ వెనకభాగంలో ఉంటుంది. మెర్సిడెస్ ఓఎం651లోనూ అంతే. ముందువైపు ఉంటే ఒకటి రెండు రోజుల పనితో పోయేది. వెనక ఉండటంతో గేర్‌బాక్స్ దించాలి, చాలాసార్లు ఇంజినే బయటికి తీయాలి. చైన్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఆ తర్వాత మరమ్మతు గురించి కాక మరో ఇంజిన్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఉదయం తొలి స్టార్టులో ఇంజిన్ వెనక నుంచి, డ్యాష్‌బోర్డు దగ్గర్లో లోహం గీరుకున్న చప్పుడు రెండు మూడు సెకన్లు వినిపిస్తే ఆ బేరం అక్కడితో ముగించడం మంచిది.

ఇంధనం వైపు చూస్తే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు. డీజిల్‌ను 1,600 నుంచి 2,000 బార్ పీడనంతో చిమ్ముతారు. సముద్రాల్లో అన్నిటికంటే లోతైన మరియానా అగాధం అడుగున ఉండే పీడనం సుమారు 1,100 బార్. ఇంత పీడనాన్ని పట్టి ఉంచే భాగాల మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లో ఉంటుంది, వాటికి కందెన కూడా డీజిలే. అందులో నీరు చేరినా, కల్తీ జరిగినా, ఫిల్టరు మార్చకపోయినా ముందు దెబ్బ తినేవి ఇవే. డీజిల్‌లోంచి గంధకాన్ని తీసేటప్పుడు దాని సహజమైన జారుడు గుణం కూడా కొంత పోతుంది. బీఎస్-4లో 50 పీపీఎం ఉన్న గంధకం బీఎస్-6కి 10 పీపీఎంకు దిగింది కాబట్టి, రిఫైనరీలు కందెన గుణాన్ని మళ్లీ రసాయనాలతో కలుపుతాయి. పేరున్న బంకులో పోయించుకోమనడం ఇందుకే. పంపు లోపల లోహం అరిగి పొడిగా రాలితే అది పైపులకూ ఇంజెక్టర్లకూ పాకుతుంది. అప్పుడు పంపొక్కటే మారిస్తే సరిపోదు, ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాలి. బిల్లు లక్షల్లోకి వెళుతుంది.

గేర్‌బాక్స్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చాలా బీఎండబ్ల్యూలలో వచ్చేది జడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. 2009లో 7 సిరీస్‌తో మొదలైన ఈ గేర్‌బాక్స్ నిజంగా గొప్పది. కారు కంపెనీ మాన్యువల్‌లో దీని ఆయిల్‌ను జీవితకాలం మార్చనక్కర్లేదని రాశారు. దాన్ని తయారుచేసిన జడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమని చెబుతోంది. నా ఓటు తయారుచేసినవాళ్లకే. మార్చేటప్పుడు ఫిల్టరు కలిసే ఉన్న అడుగు ప్యాన్ మొత్తం కొత్తది వేయాలి. మెర్సిడెస్ ఏడు గేర్ల పెట్టెలోనూ ఆయిల్ మార్పు తప్పనిసరిగా భావించండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అయితే రాత్రి చదునైన నేల మీద నిలిపి, పొద్దున్నే నాలుగు చక్రాల మీదా ఎత్తు కొలవండి. ఒక మూల కుంగితే అక్కడి రబ్బరు గాలితిత్తి చీలిందన్నమాట. దాన్ని నింపలేక నింపలేక కంప్రెసరు కూడా కాలిపోతుంది. బీఎస్-6 బండికి యాడ్‌బ్లూ ట్యాంకు ఉంటే దాని పంపు, నైట్రోజన్ ఆక్సైడ్ సెన్సర్లు మరో ఖర్చు. ఆ ద్రవం 32.5 శాతం యూరియా కలిసిన శుద్ధజలం. అది పూర్తిగా అయిపోతే ఒకసారి ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్టు కాదు. వయసు పెరిగిన కూలంట్ పైపులు, థర్మోస్టాట్ గూడు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు లాంటి ప్లాస్టిక్ భాగాలు మన ఎండలకు పెళుసెక్కుతాయి. ఈ చిన్నవన్నీ ఒకేసారి మార్పించేయడమే చవక.

ఈ కార్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది కూడా చూడాలి. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు 2,000 సీసీ, ఆపై డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను ఢిల్లీ రాజధాని ప్రాంతంలో ఆపేసింది. 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ సుంకంతో మళ్లీ అనుమతించింది. 1,995 సీసీ 520డికి ఆ ఎనిమిది నెలలు అడ్డు లేదు, 2,143 సీసీ ఓఎం651 ఉన్న మెర్సిడెస్‌లకు తలుపులు మూసుకున్నాయి. 2016లో వచ్చిన తర్వాతి తరం ఓఎం654 ఇంజిన్ 1,950 సీసీకి దిగింది. అందులో పొగను శుద్ధిచేసే పెట్టెలను ఇంజిన్‌కు ఆనించి పెట్టారు, వేడి దారిలో చల్లారకుండా. సిటీలో తిరిగే బండికి ఇది నిజమైన మేలు. 2018 అక్టోబరులో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ తర్వాత దాని మీద వాదనలు, సవరణలు నడుస్తూ వచ్చాయి. అమ్ముకోవాలన్న ఆత్రం మాత్రం అక్కడ అలాగే ఉండిపోయింది. అందుకే ఎనిమిది తొమ్మిదేళ్ల ఢిల్లీ, హర్యానా రిజిస్ట్రేషన్ బండ్లు హైదరాబాద్ బజారులో చవగ్గా కనిపిస్తాయి. అవి ఢిల్లీ ట్రాఫిక్‌లో పెరిగిన బండ్లని మరిచిపోవద్దు. ఫారం 28 మీద ఎన్‌ఓసీ, బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపాకే ధర పోల్చి చూడాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది.

ఇక బండి చూడటానికి వెళ్లే రోజు. మీరు వచ్చేసరికి ఇంజిన్ స్టార్టు చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే మర్యాదగా మర్నాడు వస్తామనండి. చైన్ చప్పుడు, గ్లో ప్లగ్గుల లోపం, అరిగిన ఇంజెక్టరు, ఇవన్నీ చల్లటి ఇంజిన్‌లోనే బయటపడతాయి, వేడెక్కితే దాక్కుంటాయి.

తర్వాత స్కానరు. ఆ బ్రాండు బండ్ల మీద చెయ్యి తిరిగిన స్వతంత్ర మెకానిక్‌ను, కంపెనీ స్థాయి స్కానరుతో సహా వెంట తీసుకెళ్లండి. ఆయనకిచ్చే నాలుగైదు వేలు ఈ బేరం మొత్తంలో అన్నిటికంటే మంచి ఖర్చు. తెరమీద ఎర్ర కోడ్లు లేవని సంతోషించవద్దు. కోడ్లు చెరిపేయడం నిమిషం పని. 'కోడ్లు చెరిపాక తిరిగిన దూరం' అనే అంకె చూపించమనండి. అది 30 కిలోమీటర్లని ఉంటే, నిన్ననో మొన్ననో ఎవరో తుడిచారు. ఏం తుడిచారన్నది అమ్మేవాళ్లే చెప్పాలి.

ఆ తర్వాత ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు. ప్రతి సిలిండరు మంటకూ క్రాంక్‌షాఫ్ట్ ఎంత వేగం అందుకుందో కంప్యూటరు కొలిచి, బలహీనంగా ఉన్నదానికి కొంచెం ఎక్కువ డీజిల్, బలంగా ఉన్నదానికి కొంచెం తక్కువ ఇస్తుంది. ఆ సవరింపులు నాలుగు సిలిండర్లకూ 0.3, మైనస్ 0.4, 0.2, మైనస్ 0.1 అని సున్నా చుట్టూ మెదులుతుంటే బాగున్నట్టే. ఒకటి మాత్రం 3 దాటి నిలబడి, మిగతా మూడూ మైనస్‌లోకి జారి ఉంటే ఆ ఒక్క సిలిండరులో ఇంజెక్టరో, కంప్రెషనో దెబ్బతింది. అదే తెరమీద డీపీఎఫ్ లెక్కలూ ఉంటాయి. పేరుకున్న మసి ఎన్ని గ్రాములు, బూడిద ఎంత, చివరి రీజనరేషన్ జరిగి ఎన్ని కిలోమీటర్లయింది. వంద నూటయాభై కిలోమీటర్లకే మళ్లీ మళ్లీ జరుగుతోందంటే ఫిల్టరు నిండే దశలో ఉంది. మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానానికీ ఇక్కడే జవాబు దొరుకుతుంది. డ్యాష్‌బోర్డులోని అంకె మార్చినా గేర్‌బాక్స్ లాంటి ఇతర కంప్యూటర్లలో నమోదైన దూరం మార్చడం చాలామంది మరిచిపోతారు. బీఎండబ్ల్యూలో తాళంచెవి కూడా ఒక అంకె దాచుకుంటుంది. ఇంజిన్ నడిచిన గంటలు చూపించే మోడల్ అయితే కిలోమీటర్లను గంటలతో భాగించండి. లేకపోతే ట్రిప్ కంప్యూటరులో సగటు వేగం చూడండి, చాలామంది దాన్ని ఏళ్ల తరబడి రీసెట్ చేయరు. 20 కింద ఉంటే బండి ఎక్కడ బతికిందో తెలిసిపోతుంది.

చివరగా ఔటర్ రింగ్ రోడ్డు మీదకు తీసుకెళ్లి నలభై నిమిషాలు నడపండి. 60 దగ్గర, 100 దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, లాగుడు తెగకుండా వస్తోందో లేదో గమనించండి. మధ్యలో ఆగిపోతే టర్బో రెక్కలు మసికి బిగుసుకుని ఉండొచ్చు. వెనక్కి వచ్చాక వేడి మీద మళ్లీ స్టార్టు చేసి, కూలంట్ మట్టం, గేర్లు మారే తీరు మరోసారి చూడండి.

బండి నచ్చి కొన్నాక ఆలస్యం చేయవద్దు. పాత యజమాని ఏం మార్పించాడన్నది పక్కనపెట్టి ఇంజిన్ ఆయిల్, దాని ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, గేర్‌బాక్స్ ఆయిల్, కూలంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మొదటి నెలలోనే మార్పించండి. అక్కడి నుంచి ఇంజిన్ ఆయిల్‌ను 7,500 కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే దానికి మార్చండి, మాన్యువల్ ఇంకెంత చెప్పినా సరే. కారు ధరలో పదిహేను ఇరవై శాతం మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా దాచుకోండి. అంత దాచలేని పరిస్థితి ఉంటే ఒక మెట్టు కింది బండి చూసుకోవడం మంచిది. రోజూ పది కిలోమీటర్లలోపే తిరిగేవాళ్లయితే అదే బ్రాండులో పెట్రోలు బండి తీసుకోండి.

ఆ మొదటి మార్పిడిలో దించిన పాత ఆయిల్ పారబోయకండి. చిన్న సీసాలో వంద మిల్లీలీటర్లు పట్టి, పరిశ్రమలకు ఆయిల్ పరీక్షలు చేసే ల్యాబుకు పంపండి. ఇనుము ఎక్కువుంటే చైన్, సిలిండర్ల అరుగుదల. రాగి, సీసం ఉంటే బేరింగులు. సిలికాన్ ఉంటే ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము పోతోంది. సోడియం, పొటాషియం, గ్లైకాల్ కనిపిస్తే కూలంట్ కలుస్తోంది. డీజిల్ శాతం ఎంతో చూస్తే రీజనరేషన్లు తెగుతున్నాయో లేదో తెలుస్తుంది. ఆ కాగితం దాచుకుని, మరో 5,000 కిలోమీటర్ల తర్వాత ఇంకో సీసా పంపి, రెండింటిలో ఏ అంకె పెరిగిందో మెకానిక్‌తో కూర్చుని చూడండి.